పన్నెండు చెట్లకు ఒక్క ట్యూబు

నా రిటైర్‌మెంట్ సభకు అతిథిగా వచ్చిన మా పాత పెద్ద సారు మైకు పట్టుకొని ఒక మాట అన్నారు: "ఈ మేడం రాసిన రిపోర్టు ఇంతవరకు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు." అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకొని, సిగ్గుపడుతున్నట్టు నటిస్తూ, లోపల తెగ పొంగిపోయాను. శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. ఇక ఆఫీసుకు వెళ్ళక్కర్లేని మనిషికి గడియారం ఎందుకిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రిపోర్టుల్లో ఒకటి వెనక్కి వచ్చింది. నేను ఇంట్లో కూర్చొని ఎండుమిరపకాయల తొడిమెలు తీసుకుంటున్న రోజుల్లో వచ్చింది. మొక్కల రోగాల ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మీ అనుభవాలు చెప్పండి మేడం" అని అడుగుతుంటారు. గెలిచిన కథలు చాలానే చెప్పాను, కొన్ని కొంచెం ఉప్పూకారం కలిపి కూడా చెప్పాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తే మీరే పట్టుకోండి, నాకు ఆ గుణం ఉంది.

నేను పనిచేసింది వరంగల్ శివారులో ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో. పైరుకు గానీ చెట్టుకు గానీ రోగం వస్తే, అది ఏ బూజు వల్ల వచ్చిందో పట్టుకొని మందు చెప్పడం నా పని. మాకు ఏడాది పొడుగునా పత్తి, వరి, మిరపే. మిరప సీజన్లో మా ఆఫీసు బస్సు ఎనుమాముల మిర్చి మార్కెట్ దాటేసరికి అందరం తుమ్ముతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ ఉండేవాళ్ళం. మామిడి మాకు చుట్టపుచూపు పంట.

పదమూడేళ్ళ కింద, వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక పెద్దమనిషి పేపర్లో చుట్టిన ఎండుకొమ్మ పట్టుకొని మా ల్యాబుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. చూడగానే బడి పంతులని తెలిసిపోయింది. వరంగల్‌లోనే, కాశిబుగ్గలో ఉంటానని చెప్పాడు.

"మాది తొర్రూరు అవతల మామిడి తోట మేడం. మా నాయిన పెట్టింది. నేను నౌకరి మీద ఇక్కడుంట, తోటంత మా తమ్ముడు, చిన్నోడే చూస్తడు. కొమ్మలు కొసల నుంచి ఎండుకుంట వస్తానయి. మీరు చూసి ఏం రాస్తే అది చేస్తం. మీ కాయితమే మాకు వాక్యం."

వాళ్ళది క్రైస్తవ కుటుంబం. వాళ్ళు వాక్యమంటే అది దేవుని మాట. నా రిపోర్టును అంత ఎత్తున పెడుతున్నాడే అని నేను మురిసిపోయాను తప్ప, భయపడలేదు. భయపడాల్సింది.

మర్నాడే జీపు వేసుకొని వెళ్ళాం. అరవై చెట్ల తోట. మాతో వచ్చిన అన్న దారి పొడుగునా దాని గొప్పలు చెప్పాడు. ఏటా మొదటి కోతకు దిగిన కాయల్లో ఏరి, ఒక పెద్ద గంప చర్చిలో కోత పండుగకు తీసుకుపోతారట. అన్న ఒక చెవి, తమ్ముడు ఒక చెవి పట్టుకొని మోసుకెళ్ళి పీఠం ముందు దించుతారట. "మా గంప దించినంకనే అయ్యగారు ప్రార్థన మొదలుపెడతడు మేడం," అని నవ్వాడు.

తోటలో తమ్ముడు ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి, భుజం మీద తువ్వాల, నడుముకు కొడవలి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను అన్నను 'సార్' అన్నాను, తమ్ముణ్ణి 'నువ్వు' అన్నాను. అప్పట్లో మేమందరం అంతే. చొక్కాను బట్టి మర్యాద.

రోగం చూడగానే తెలిసింది. కొమ్మ బెరడు పగిలి పుండు పడుతుంది, పుండు కొమ్మను చుట్టేస్తుంది, అక్కడి నుంచి పైదంతా ఎండిపోతుంది. మేము క్యాంకర్ అంటాం, రైతులు చెట్టుకు పుండు లేచిందంటారు. నేను చాకుతో బెరడు గీరుతుంటే తమ్ముడు పక్కన కూర్చొని, "మేడం, నాకైతే ఇవి రెండు తీర్ల రోగాలనిపిస్తాంది," అన్నాడు.

"ఎందుకట్లా?"

"గట్టు మీది చెట్లకు జిగురు కారుతాంది, తేనె తీరు. లోపలి చెట్లకు జిగురే లేదు. బెరడు లేపితే మసి పూసినట్టుంటాంది. రెండూ ఎండుతానయి, కాని ఒక తీరు ఎండుతలేవు."

నేను నవ్వాను. చెట్టు వయసును బట్టి, నీటి తడిని బట్టి ఒకే రోగం రకరకాలుగా కనబడుతుందని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అన్న తల ఊపుతూ విన్నాడు. నేను చెప్పింది అబద్ధం కాదు. చాలాసార్లు అట్లాగే ఉంటుంది కూడా. చాలాసార్లు నిజమయ్యే మాట నోట్లో ఉంటే ఎదురుగా ఉన్నదాన్ని చూడబుద్ధి కాదు.

రోగం కనబడ్డ పన్నెండు చెట్ల నుంచీ బెరడు ముక్కలు తెచ్చాం. బూజు పెంచే గాజు ప్లేట్లలో పెడితే నాలుగో రోజుకు పన్నెండింటిలోనూ ఒకటే బూజు: ముందు దూదిలాగా తెల్లగా, తర్వాత బూడిద రంగు, వారానికి నల్లగా. ఏ చెట్టు బూజును ఆ చెట్టు నంబరుతో విడిగా ట్యూబులో ఎక్కించాం. ఇంతవరకు పద్ధతి ప్రకారమే జరిగింది.

తర్వాతి పని మందు పరీక్ష. మందు ఏ మోతాదులో బూజును ఆపుతుందో చూడాలి. పన్నెండింటికీ చెయ్యాలంటే, మోతాదుకు నాలుగు ప్లేట్ల చొప్పున, మా ల్యాబులో ఉన్న గాజు ప్లేట్లన్నీ కలిపినా చాలవు. ప్లేట్లు కడిగి, ఆరబెట్టి, వేడి పెట్టి మళ్ళీ వాడుకునే కాలం అది. పైగా మిరప శాంపిళ్ళు బల్ల మీద కుప్ప పడి ఉన్నాయి. పెద్ద సారును అడిగితే ఆయన ప్లేట్ల వైపు ఒక్క చూపు చూసి, "అన్నీ ఒకటే తీరుగున్నయి కదమ్మా. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు చాలదా?" అన్నారు.

ఎంత ముద్దొచ్చే సామెతో చూడండి. అన్నమంతా ఒకే కుండలోదయితే అది నిజమే. నా ముందున్నది ఒక్క కుండా, మూడు కుండలా అని అడగాల్సిన మనిషిని నేను. అడగలేదు. మూడో నంబరు ట్యూబు తీసుకున్నాను. ఎందుకంటే అది అన్నిటికంటే తొందరగా పెరుగుతోంది, నాకు పని తొందరగా అయిపోవాలి. మా ల్యాబులో అందరం చేసేది అదే: పన్నెండు తెస్తాం, ఒకటి పరీక్షిస్తాం, రిపోర్టులో 'పన్నెండు చెట్ల నమూనాలు పరిశీలించడమైనది' అని రాస్తాం. అందులోనూ అబద్ధం ఉండదు.

మా అటెండరు, సర్వీసులో నాకంటే పెద్దవాడు, "మిగిలిన ట్యూబులు కడగాల్నా మేడం?" అని అడిగాడు.

"కడిగెయ్యన్నా. ఉంచి ఊరగాయ పెడతామా?"

మూడో నంబరు బూజు చిన్న మోతాదుకే చచ్చింది. రిపోర్టు రాశాను: ఎండిన కొమ్మలను పుండుకు జానెడు కింద కోసెయ్యాలి, కోసిన చోట మందు పేస్టు పూయాలి, పదిహేనో రోజు రెండో పూత, నెలకు మూడో పూత. తమ్ముడు వచ్చి కాగితం తీసుకొని, తెలుగులో రెండుసార్లు చదివించుకొని వెళ్ళాడు. మందు కలిపే విధం అడిగిందే అడిగాడు. నాకు విసుగొచ్చింది కూడా.

మళ్ళీ ఏడాది వానలప్పుడు ఫలితం చూడటానికి వెళ్ళాం. నేను చెప్పదలచుకున్న రోజు అదే.

అన్న కూడా సెలవు పెట్టి వచ్చాడు. పన్నెండు చెట్లలో అయిదు చెట్లు కోలుకున్నాయి, కోసిన చోట బెరడు మూసుకొని ఎర్రటి చిగుళ్ళు వేశాయి. ఏడు చెట్లు మాత్రం ముందుకంటే చెడ్డగా ఉన్నాయి. కోసిన చోటే కొత్త పుండ్లు లేచాయి. వాటి పక్క చెట్లకు కూడా పాకింది. తోట నడిమంతా ఎండుకొమ్మలే. అన్న ముఖం పాలిపోయింది. "ఏంది మేడం ఇది? చేసినం గద," అన్నాడు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో తోచకపోవడం అన్నది నాకు అలవాటు లేదు. తమ్ముడి వైపు తిరిగి పోలీసులా ప్రశ్నలు వేశాను. మందు ఎంత కలిపావు? సరిగ్గా చెప్పాడు. ఎట్లా పూశావు? చూపించాడు. కుంచె కూడా కడిగి పెట్టుకున్నాడు. రెండో పూత పదిహేనో రోజేనా?

అతను కుంచె పక్కన పెట్టి, "లేదు మేడం. నాలుగొద్దులు ఆలిశమైంది. మా బామ్మర్ది బిడ్డ పెండ్లుంటే పోయిన," అన్నాడు.

అతను అబద్ధం చెప్పి ఉంటే నేను తప్పించుకోగలిగేదాన్ని కాదు. నిజం చెప్పాడు కాబట్టి నాకు దారి దొరికింది. ఇది తలచుకున్నప్పుడల్లా నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

"చూశారా సార్?" అన్నాను అన్న వైపు తిరిగి. "అదే జరిగింది. సమయానికి పూయకపోతే మందు ఏం చేస్తుంది?"

అన్న తమ్ముణ్ణి చూసిన చూపు నాకు గుర్తుంది. "నాకు చెప్పలేదేందిరా?" అన్నాడు.

తమ్ముడు నా వైపు తిరిగాడు. నన్నే అడిగాడు. "కాని మేడం, ఆలిశమైంది పన్నెండు చెట్లకూ అయింది. గీ అయిదు ఎట్ల బతికినయి?"

ఆ ప్రశ్నకు మించిన ప్రశ్న నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్నెవరూ అడగలేదు. శాస్త్రమంటే ఆ ప్రశ్నే. దానికి సరైన జవాబు, "నాకు తెలియదు, మిగిలిన పదకొండు చెట్లవీ పరీక్షిస్తాను." అంతే, ఒక్క ముక్క. కానీ అట్లా అంటే మళ్ళీ మొదటి నుంచి పని. ఏడాది నివేదిక పంపే గడువు నెత్తి మీద ఉంది. డ్రైవరు, మా ఫీల్డ్ అసిస్టెంటు, ఊరివాళ్ళు నలుగురు నిలబడి చూస్తున్నారు. నాకు కోపమొచ్చింది.

"సైంటిస్టువు నువ్వా, నేనా?" అన్నాను.

అతను తువ్వాలతో ముఖం తుడుచుకొని, "మీరే మేడం," అన్నాడు.

రిపోర్టులో ఇట్లా రాశాను: 'రెండవ పూత నిర్ణీత సమయంలో వేయనందున, రైతు నిర్లక్ష్యం కారణంగా వ్యాధి అదుపులోకి రాలేదు. తీవ్రంగా దెబ్బతిన్న చెట్లను తొలగించవలెను.' పెద్ద సారు చదివి, క్లుప్తంగా ఉందని మెచ్చుకున్నారు. ఒక కాపీ అన్నకు పోస్టులో వెళ్ళింది.

నాలుగైదు నెలల తర్వాత అన్న మా ఆఫీసుకు వచ్చాడు, ధన్యవాదాలు చెప్పడానికి. అవును, నాకే. మనిషి సగమయ్యాడు. టీ తెప్పించాను.

"మీరు రాసిన్రు కాబట్టి తెలిసింది మేడం. లేకపోతే వాడు చెప్పునా? తోట తీసేపిచ్చిన. భూమి చెరి సగం చేసుకున్నం. ఇగ ఎవలది వాళ్ళదే."

"తోటంతానా సార్? నేను రాసింది బాగా దెబ్బతిన్నవి తొలగించమని కదా."

"ఎవలు చూడాలె మేడం? వాని మీద నమ్మకం పోయినంక నాకు ఆ తోట మొఖం చూడబుద్ధి కాలే." టీ తాగకుండా కప్పు వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు: "మేడం, ఒక్క మాట. నాలుగొద్దులకే గంత ఖరాబైతదా?"

నేను ఫైలు సర్దుతున్నట్టు చేశాను. అతను మళ్ళీ అడిగాడు. "అంటే, గా నాలుగొద్దులు గాకుండ, ఇంకేమన్న ఉండచ్చునా అని."

ఆ మనిషి నా దగ్గరికి వచ్చింది ధన్యవాదాలు చెప్పడానికి కాదు. తమ్ముణ్ణి క్షమించడానికి ఒక కారణం ఇమ్మని వచ్చాడు. ఒక్క 'ఉండవచ్చు సార్' అంటే చాలు, అక్కడి నుంచి సరాసరి తొర్రూరు బస్సెక్కేవాడు. నాకు ఆ రోజే కొంత అర్థమైంది, పూర్తిగా అర్థం చేసుకోవడానికి ఇష్టపడలేదు.

"అవుతుంది సార్," అన్నాను. "బూజుకు నాలుగు రోజులంటే చాలా ఎక్కువ."

అతను లేచి, రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

తర్వాత నా సర్వీసు చక్కగా సాగింది. రెండు ప్రమోషన్లు, ఒక ప్రశంసాపత్రం, చివరికి ఆ గడియారం. తోట సంగతి అప్పుడప్పుడు గుర్తొచ్చేది. గుర్తొస్తే టీవీ పెట్టుకునేదాన్ని.

పోయిన ఏడాది ఒక పరిశోధక విద్యార్థిని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. సన్నగా, కళ్ళద్దాలతో, మాటకు ముందు 'సారీ మేడం' అంటూ, అయినా అడగాల్సింది అడిగే రకం. మామిడి చెట్లకు పుండ్లు తెచ్చే బూజుల్లో పైకి ఒకటిగా కనబడేవి లోపల ఎన్ని రకాలో చూడటం ఆమె పని. మా కాలంలో కంటితో, మైక్రోస్కోపుతో చూసేవాళ్ళం. వీళ్ళు బూజు డీఎన్ఏ చదువుతారు. మా పాత ల్యాబు ఫ్రిజ్ మూలన పడిందని ఖాళీ చేస్తుంటే, అడుగు అరలో ఒక డబ్బా దొరికిందట. అందులో పారఫిన్ నూనె పోసి మూతలు బిగించిన పన్నెండు ట్యూబులు. వాటి మీద మా అటెండరు గుండ్రటి రాత: ఊరు పేరు, చెట్టు నంబరు.

కడగమన్నాను, అతను కడగలేదు. అట్లా నూనె కింద ఉంచితే కొన్ని బూజులు ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఆమె అప్పటికే అతన్ని అడిగిందట. "నంబరు రాసినంక కడగబుద్ధి కాలే బిడ్డా, ఎప్పుడన్న మేడం అడగచ్చనుకున్న," అన్నాడట. నేను పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

"సారీ మేడం, మీ పన్నెండూ ఒకటి కావు," అంది ఆ అమ్మాయి, కాగితం నా ముందు పెట్టి. "ఒకటి ఎండిపోయింది, రాలేదు. వచ్చిన పదకొండులో మూడు రకాలున్నాయి. ప్లేటులో చూస్తే నాకూ తేడా తెలియలేదు. డీఎన్ఏలో మాత్రం దూరం దూరం చుట్టాలు. అంటు మొక్కలు వేరు వేరు నర్సరీల నుంచి వచ్చుంటే, వాటితోపాటే వచ్చుండొచ్చు."

"మందు?"

"మీరు చెప్పిన మందుతోనే టెస్ట్ చేశాను. రెండు రకాలు చిన్న డోసుకే పోతున్నాయి. మూడో రకం పది రెట్లు వేసినా హాయిగా పెరుగుతోంది మేడం. ఏదో మందు లేని ప్లేటులో ఉన్నట్టు."

"ఆ మూడో రకం ఏ నంబర్లు?"

చదివింది. ఆరు నంబర్లు. నేను లోపలికి వెళ్ళి అటక మీది నా పాత ఫీల్డు డైరీ తీశాను. తొందరలో రెండుసార్లు పేజీ దాటిపోయింది. చెడిపోయిన ఏడు చెట్లలో ఆరు అవే. ఏడోది ఆ ఎండిపోయిన ట్యూబు. బతికిన అయిదింటిలో ఒకటి మూడో నంబరు, నా మెతుకు. ఆరు నంబర్లకు ఎదురుగా డైరీలో నా చేతిరాతలోనే ఉంది: 'జిగురు లేదు. నల్లగా.' అతను చెప్పింది రాసుకున్నాను. రాసుకొని పక్కన పెట్టాను.

"వేరే మందు వేసి ఉంటే బతికేవా?" అని అడిగాను.

ఆమె నన్ను ఓదార్చలేదు, అందుకు నాకు ఆమె మీద గౌరవం కలిగింది. "చెప్పలేను మేడం. కానీ ఆ మందు నాలుగు రోజులు ముందు వేసినా, వెనక వేసినా వాటికి ఒకటే."

ఆ రాత్రంతా నిద్ర పట్టలేదని రాయాలి కదా, పద్ధతి ప్రకారం. పట్టింది. పొద్దున లేచాకే అసలు బాధ మొదలైంది. రెండు రోజులు గుంజాటన పడి, మూడో రోజు తొర్రూరు బస్సెక్కాను.

తోట ఉన్న చోట పత్తి ఉంది. తమ్ముడు గట్టు మీద కూర్చొని సద్ది తింటున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"మీరు... ల్యాబు మేడం గద?" చేయి కడుక్కొని లేచాడు.

"మీతో ఒక మాట చెప్పాలని వచ్చాను."

"'మీరు' అనకున్రి మేడం, కొత్తగున్నది."

నిలబడే చెప్పేశాను. రోగాలు ఒకటి కాదు, మూడు. నేను ఒక్కదాన్నే పరీక్షించాను. మందు ఆ ఏడు చెట్లకు ఎప్పుడు పూసినా పని చేసేది కాదు. మీ ఆలస్యం వల్ల ఏమీ కాలేదు. తప్పు నాది. అతను పత్తి చేను వైపు చూస్తూ విన్నాడు. చివరకు అన్నది ఒక్కటే మాట.

"నేను ఆ రోజే చెప్పిన గద మేడం."

"చెప్పారు."

"ఇప్పుడు వచ్చి చెప్తే నేనేం జేయాలె? చెట్లు వస్తయా?"

మీ అన్నగారికి కూడా నేనే స్వయంగా చెప్తాను, ఎక్కడున్నారని అడిగాను.

"సమాధుల తోటల ఉన్నడు," అన్నాడు. "రెండేండ్లాయె. పోయేదాక నాతోటి మాట్లాడలే. చర్చిల కూడ ఆ వరుసల కూసునేటోడు, నేను ఈ వరుసల. మట్టికి పోయి మొఖం చూసిన, గంతే." సద్ది గిన్నెకు మూత పెట్టాడు. "నాకేం ఒద్దు మేడం. మా వదినెకు చెప్పున్రి. ఆమె నన్ను చిన్నప్పటి సంది బువ్వ పెట్టి సాదింది. ఇప్పుడు నన్ను చూస్తే మొఖం తిప్పుకుంటది. నేను చెట్లను సంపినోన్ని కాదని ఆమె నోట ఒక్కపాలి వినాలె, గదే సాలు."

"మీరూ రండి."

"నేను గడప తొక్కి పదేండ్లు దాటింది." అంటూనే చొక్కా మార్చుకోవడానికి ఇంటికి నడిచాడు.

కాశిబుగ్గలో ఆ ఇంటి ముందు అతను బయటే ఆగిపోయాడు. నేను లోపలికి వెళ్ళాను. ఆమె మంచం మీద కూర్చొని చిక్కుడుకాయలు వొలుస్తోంది. గోడకు ఆయన ఫోటో. నేనెవరో చెప్పగానే, "ఓ, మీరా మేడం! మా సారు మీ కాయితం ఎంత భద్రంగ పెట్టుకున్నడో," అంది.

పిల్లలూ, తప్పు ఒప్పుకోవడం గొప్ప సంగతని పుస్తకాల్లో రాస్తారు. సమయం దాటాక ఒప్పుకుంటే అది కూడా ఆలస్యమైన పూతే, ఎవరికీ పని చెయ్యదు. అయినా చెప్పాలి కాబట్టి చెప్పాను, బెరడు, బూజు, మందు, అన్నీ ఆమెకు అర్థమయ్యేట్టు. ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది.

"అయితే పెండ్లికి పోవుడు తోటి ఏం గాలేదా?"

"ఏం కాలేదమ్మా."

"మరెందుకు రాసిన్రు గట్ల?"

"నాకు తెలియదని రాయడానికి సిగ్గేసింది."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తలుపు వైపు చూసింది. అతను ఎప్పుడొచ్చాడో, గడప అవతల చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు.

"రా అయ్యా, లోపలికి రా," అంది. అతను గడప దాటాడు, ఇంకో అడుగు వెయ్యలేదు. "నువ్వు చెట్లను సంపలేదట. మేడం చెప్తాంది." అతను తల ఊపాడు. అతను కోరుకున్న మాట అదే, దొరికింది. అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ ఆమె ఏడుపు మొదలుపెట్టింది, ఏడుస్తూనే చెప్పింది.

"దవాఖానల ఆఖరి వారం మీ అన్న నిన్ను అడిగిండయ్యా. చిన్నోన్ని పిలువు అన్నడు. పొద్దుగాల ఒకపాలి అన్నడు, పొద్దుమూకి మల్ల అన్నడు. నేనే పిలువలే. తోటను ఆగం జేసినోడు వచ్చి ఏం జేస్తడు, మల్ల ఈయన పానం కష్టపెట్టుడు తప్ప అనుకున్న."

అతను ఆమెనే అడిగాడు, మెల్లగా, సరిచూసుకుంటున్నట్టు. "రెండుసార్లు అన్నడా?"

"రెండుసార్లు అన్నడు."

"బస్సుకు గంటన్నర గద వదినే," అన్నాడు. "పిలిస్తే వత్తును గద."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అతను ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశాడు.